ఎండ అచ్చువేసిన నీలం: ఒక సయనోటైప్ కిట్‌పై సమీక్ష

‘చేత్తో నేర్చుకునే ఫొటోగ్రఫీ చరిత్ర’ అని పెట్టె మీద ఇంగ్లీషులో రాసి ఉన్న ఒక సయనోటైప్ (కాగితానికి ఇనుము లవణాల మందు పూసి, ఎండతో నీలి ఛాయాచిత్రం అచ్చుతీసే పాత పద్ధతి) కిట్‌ను నిరుడు ఏప్రిల్‌లో 1,850 రూపాయలు పెట్టి కొన్నాను. తయారీదారు పేరు ఇక్కడ చెప్పడం లేదు. ఇందులో మెచ్చుకోలుతో పాటు ఫిర్యాదులు కూడా ఉన్నాయి. పైగా ఇటువంటి కిట్లన్నిటిలోనూ సరుకు దాదాపు ఒకటే కాబట్టి, నేను చెప్పబోయేది ఏ పేరుతో వచ్చే కిట్‌కైనా చాలావరకు వర్తిస్తుంది. మే నెల ఎండలోనూ, ముసురు పట్టిన జూలైలోనూ, డిసెంబరు నీరెండలోనూ దీన్ని మా డాబా మీద వాడి చూశాను. కిట్‌తో వచ్చిన 20 కాగితాలూ అయిపోయి, బయట కాగితం కొని మరో 30 అచ్చులు తీసిన తరువాతే ఈ సమీక్ష రాస్తున్నాను.

పెట్టెలో రెండు గోధుమరంగు సీసాలు, ఎ5 పరిమాణంలో 20 వాటర్‌కలర్ కాగితాలు, ఒక వెడల్పాటి కుంచె, దళసరి అద్దం పలక, దానికి అట్ట, నాలుగు క్లిప్పులు, నెగటివ్‌లు ముద్రించుకోవడానికి అయిదు పారదర్శక షీట్లు, 56 పేజీల పుస్తకం ఉన్నాయి. ఒక సీసాలో ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్, రెండవ దానిలో పొటాషియం ఫెర్రీసైనైడ్ పొడిరూపంలో ఉంటాయి. సీసా మెడ దగ్గరి గీత వరకు నీళ్లు పోసి ఒక రోజు ఉంచాలి. వాడేటప్పుడు రెంటినీ సమపాళ్లలో కలిపి, మసక వెలుతురు ఉన్న గదిలో కాగితానికి పూసి, చీకట్లో ఆరనివ్వాలి. ఆరిన కాగితం పసుపు కలిసిన లేత ఆకుపచ్చగా ఉంటుంది. దాని మీద ఒక ఆకును పెట్టి, పైన అద్దం పెట్టి బిగించి, ఎండలో ఉంచాలి. మేలో మిట్టమధ్యాహ్నం నాకు అయిదు నిమిషాలు సరిపోయింది. డిసెంబరులో పన్నెండు నిమిషాలు పట్టింది. జూలై మబ్బుల్లో ముప్పావుగంట ఉంచినా నీలం పేలవంగానే వచ్చింది. ఎండ సోకిన భాగం ముందు నీలి ఆకుపచ్చగా మారి, తరువాత బూడిదరంగుకు తిరుగుతుంది. కంచు ఛాయ కనిపించేదాకా ఆగాలని పుస్తకం చెబుతుంది. ఆ సూచన ఖచ్చితంగా సరైనది.

తరువాత జరిగేదే ఈ కిట్‌కు ప్రాణం. కాగితాన్ని నీళ్లలో వేయగానే, ఆకు నీడ పడినచోట ఎండ తగలని మందు పచ్చగా కరిగి నీళ్లలోకి దిగిపోతుంది, ఎండ తగిలినచోట మందు ఇనుము నీలంగా మారి కాగితం పోగుల్లో కూర్చుంటుంది. అయిదు నిమిషాల తరువాత ఆ కాగితాన్ని ఎండలో ఆరబెట్టినా ఏమీ కాదు. మొదటిసారి ఇది చూసిన మా మేనకోడలు (పన్నెండేళ్లు) అడిగిన ప్రశ్న ఇది: “మామయ్యా, ఎండే దీన్ని నీలంగా మార్చింది కదా, మళ్లీ ఎండలో పెడితే మిగతాది కూడా నీలమైపోదా?” కాదని చెప్పి, ఎందుకు కాదో చెప్పబోతూ, ఫొటోగ్రఫీ తొలి నలభై ఏళ్ల చరిత్ర అంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగిందని నాకు తట్టింది.

వెలుతురు తగిలితే వెండి లవణాలు నల్లబడతాయని 18వ శతాబ్దిలోనే తెలుసు. ఇంగ్లండులో థామస్ వెడ్జ్‌వుడ్ వెండి నైట్రేటు పూసిన తోలు మీద, కాగితం మీద ఆకుల నీడలను పట్టుకున్నాడు. రసాయన శాస్త్రజ్ఞుడు హంఫ్రీ డేవీ 1802లో ఆ ప్రయోగాలను ప్రకటించాడు. కాని పట్టుకున్న నీడను నిలబెట్టే ఉపాయం వారికి దొరకలేదు. బొమ్మను కొవ్వొత్తి వెలుగులో తప్ప చూడడానికి లేదు, పగటి వెలుతురులో పెడితే తెల్లగా మిగిలిన చోటు కూడా నల్లబడిపోయేది. అంటే బొమ్మ తీయడం కాదు, తీసిన బొమ్మను ఆపడమే అసలు సమస్య. ఫ్రాన్సులో నియెప్స్ దానిని తారుతో మరో దారిలో పరిష్కరించుకున్నాడు. వెండి బొమ్మకు నిలుపుమందు కనిపెట్టినవాడు ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు జాన్ హెర్షెల్. సోడియం థయోసల్ఫేటు వెండి లవణాలను కరిగిస్తుందని ఆయన 1819లోనే గమనించి ఉన్నాడు. 1839లో ఫ్రాన్సులో డాగెర్, ఇంగ్లండులో టాల్బట్ కనిపెట్టిన ఫొటోగ్రఫీ పద్ధతుల గురించి వార్త రాగానే ఆ పాత గమనికను బయటికి తీశాడు. డార్క్‌రూములున్న రోజుల్లో మన ఊళ్లలోని స్టూడియోలవాళ్లు ‘హైపో’ అని పిలిచినది దాన్నే. ‘నెగటివ్’, ‘పాజిటివ్’ అనే మాటలను ఈ విద్యకు ఇచ్చినవాడు కూడా ఆయనే, ‘ఫొటోగ్రఫీ’ అనే మాటను వాడుకలోకి తెచ్చినవాడు కూడా ఆయనే.

1842లో ఆయన ఇనుము లవణాల దగ్గరికి వచ్చాడు. ఆయన వృత్తిరీత్యా ఖగోళ శాస్త్రజ్ఞుడు, బొమ్మల మీద మోజు కన్నా, సూర్యకిరణాలలో ఏ రంగు కిరణం ఏ పదార్థం మీద ఎలా పనిచేస్తుందన్నది ఆయనకు ఆసక్తి. ఆ వెతుకులాటలో బయటపడినదే సయనోటైప్. వెండి లేదు, హైపో అక్కరలేదు. నీళ్లే దీనికి నిలుపుమందు. మా మేనకోడలి ప్రశ్నకు జవాబు ఇదే: ఎండ తగలని మందు నీళ్లలో కరిగి వెళ్లిపోయింది కాబట్టి, నీలమవడానికి అక్కడ ఇంకేమీ మిగల్లేదు. ఈ విషయాన్ని నేను ఎన్నో చోట్ల చదివాను. అయినా బేసిన్‌లో పచ్చనీళ్లు కారిపోతుంటే చూసినప్పుడు తెలిసినంత స్పష్టంగా చదివినప్పుడు తెలియలేదు. ఈ కిట్‌కు నేను పెట్టిన డబ్బులో సగం ఆ ఒక్క నిమిషానికే చెల్లిపోయింది.

ఇక మొదటి ఫిర్యాదు. కడగడానికి కుళాయి నీళ్లు చాలునని పుస్తకం చెబుతుంది. మాది హైదరాబాదులో బోరు నీళ్ల అపార్టుమెంటు. మొదటి ఎనిమిది అచ్చులు నీళ్లలో వేయగానే ముదురు నీలంగా కనిపించి, అయిదు నిమిషాలు గడిచేసరికి పాత చొక్కాలా వెలిసిపోయాయి. ఎండ చాలలేదేమో, మందు పలుచగా పూశానేమో అని రెండు వారాలు తప్పు నాలోనే వెతుక్కున్నాను. తప్పు నీళ్లది. ఈ నీలం క్షారాన్ని ఓర్చుకోలేదు. చవుడు, సున్నం కలిసిన కఠిన జలంలో అది విడిపోయి, ఇనుము తుప్పురంగుగా మిగులుతుంది. బకెట్టు నీళ్లలో రెండు నిమ్మకాయలు పిండిన రోజు నుండి ఒక్క అచ్చు కూడా పాడుకాలేదు. మన దేశంలో అమ్మే కిట్‌లో, మన బోరు నీళ్ల గురించి ఒక్క వాక్యం లేకపోవడం నిర్లక్ష్యమే. కిట్ కొన్న వ్యక్తి 20 కాగితాల్లో ఎనిమిది ఇలా పోగొట్టుకుంటే, మిగతా పన్నెండు వాడకుండానే పెట్టెను అటక ఎక్కించే ప్రమాదం ఉంది. దీనికి తోడు, కడిగిన కాగితాన్ని మందుల షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడు ఒక మూతెడు కలిపిన నీళ్లలో ముంచితే, మరునాటికి గాని రాని ముదురు నీలం అప్పటికప్పుడే వస్తుంది. ఇంత పనికొచ్చే సంగతిని పుస్తకం చివరి పేజీలో చిన్న అక్షరాలలో దాచింది.

సీసా మీద ‘సైనైడ్’ అనే మాట చూసి మా అమ్మ కిట్‌ను వంటింటి ఛాయలకు రానివ్వలేదు. ఆ జాగ్రత్త మంచిదే గాని భయం అక్కరలేదు. ఫెర్రీసైనైడ్‌లోని సైనైడ్ ఇనుముతో గట్టిగా ముడిపడి ఉంటుంది. దానిని పొయ్యి మీద వేడిచేయడం గాని, గాఢమైన ఆమ్లాలతో కలపడం గాని ఎన్నడూ చేయరాదు. బకెట్టులో నిమ్మరసం ఆ కోవకు రాదు. వంటపాత్రలు వాడకూడదన్నది కూడా పుస్తకంలో స్పష్టంగానే ఉంది. ఈ భాగం వరకు పుస్తకానికి మంచి మార్కులే ఇస్తాను.

పుస్తకంలో అన్నిటికన్నా బాగున్నది రెండవ అధ్యాయం. అది యానా అట్కిన్స్ గురించి. ఆమె 1799లో ఇంగ్లండులోని కెంట్ ప్రాంతంలో పుట్టింది. తండ్రి జాన్ జార్జ్ చిల్డ్రన్ శాస్త్రజ్ఞుడు, హెర్షెల్‌కు స్నేహితుడు. ఆయన అనువదించిన గవ్వల గ్రంథానికి ఆమె యౌవనంలోనే రెండు వందలకు పైగా బొమ్మలు గీసి ఇచ్చింది. 1841లో వృక్షశాస్త్రజ్ఞుడు విలియం హార్వే బ్రిటిష్ సముద్రపు నాచు జాతుల మీద ఒక గ్రంథం వెలువరించాడు. దానిలో బొమ్మలు లేవు. ఆ లోటు తీర్చడానికి ఆమె, హెర్షెల్ పద్ధతి బయటికి వచ్చిన ఏడాదికే, నాచు మొక్కలను నేరుగా కాగితం మీద పరచి ఎండలో అచ్చుతీయడం మొదలుపెట్టింది. 1843 అక్టోబరులో మొదటి భాగం వచ్చింది. పదేళ్ల పాటు భాగాలు భాగాలుగా సాగిన ఆ పనిలో సుమారు 400 పలకలున్నాయి. ప్రతి ప్రతిలోని ప్రతి పేజీనీ మళ్లీ చేత్తో మందు పూసి, మళ్లీ ఎండలో పెట్టి, మళ్లీ నీళ్లలో కడిగి తయారుచేయవలసిందే. ఇప్పుడు ప్రపంచంలో ఉన్నట్టు తెలిసిన ప్రతులు 20 లోపే. హెర్షెల్‌కు ఆమె పంపిన ప్రతి న్యూయార్కు పబ్లిక్ లైబ్రరీలో ఉంది. ఆ పేజీలను అంతర్జాలంలో ఎవరైనా చూడవచ్చు. కిట్ కొన్నవారు ముందు అక్కడికి వెళ్లి ఆ పేజీలు చూసి, తరువాత మందు కలుపుకుంటే మంచిదని నా సలహా.

అధ్యాయానికి జోడించిన అభ్యాసం కూడా తెలివైనది. అట్కిన్స్ మొక్క పేరును కూడా అచ్చు అక్షరాలతో వేయలేదు. నూనె పట్టించి పారదర్శకం చేసిన కాగితం మీద రాసి, దానిని కూడా నాచు పక్కనే పెట్టి ఎండకు చూపింది. అందుచేత మొక్క, పేరు ఒకే నీలంలో ఒకే తెలుపుగా వస్తాయి. అదే పని మనల్ని కూడా చేయమంటారు. మేము మునగ రెమ్మను పరచి, ట్రేసింగ్ కాగితం మీద నల్ల ఇంకుతో ‘మునగ’ అని రాసి, వెనుక వైపు కొబ్బరి నూనె రాసి పక్కన పెట్టాము. మునగాకు సన్నగా, చిన్నగా, ఒకదాని పక్కన ఒకటి సర్దినట్టు ఉంటుంది కాబట్టి ప్రతి ఆకూ విడివిడిగా అచ్చుపడింది. గోంగూర మందంగా ఉండి వట్టి తెల్లని హస్తంలా వచ్చింది. నీళ్లలో నానబెట్టి పత్రహరితం పోగొట్టి, ఈనెల వల మాత్రమే మిగిల్చిన రావి ఆకు అన్నిటికన్నా గొప్పగా వచ్చింది. అట్కిన్స్ నాచునే ఎందుకు ఎంచుకుందో అప్పుడు అర్థమయింది: ఎండ కొంత దాటిపోయేంత పలుచని వస్తువుకే ఈ పద్ధతిలో లోపలి ఈనెలు కనిపిస్తాయి. ఆమె వృక్షశాస్త్రం, ఆమె మాధ్యమం ఒకదానికొకటి కుదిరాయి.

ఆమె తన పుస్తకం మీద పూర్తి పేరు వేసుకోలేదు. ముందుమాట కింద ‘ఎ. ఎ.’ అనే రెండు అక్షరాలు మాత్రమే ఉన్నాయి. అర్ధశతాబ్దం తరువాత ఒక పండితుడు ఆ రెండక్షరాలకు ‘అజ్ఞాత ఔత్సాహికుడు’ అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాటలని ఊహించాడు. ఈ సంగతిని చెప్పిన కిట్ పుస్తకం, అదే పేజీలో ఆమెను ‘ప్రపంచంలో తొలి మహిళా ఫొటోగ్రాఫర్’ అని నిస్సంకోచంగా అనేయడం నాకు నచ్చలేదు. టాల్బట్ భార్య కాన్‌స్టన్స్ 1839లోనే భర్తతో పాటు ఈ ప్రయోగాలు చేసింది. ఆమె మాట ఎత్తకుండా ఆ బిరుదు ఇవ్వడం తొందరపాటు. అట్కిన్స్‌కు నిజంగా దక్కే గౌరవం వేరే ఉంది, అది చిన్నదేమీ కాదు: ఛాయాచిత్రాలతో తయారైన తొలి పుస్తకం ఆమెది. టాల్బట్ వాణిజ్యపరంగా ప్రచురించిన ప్రసిద్ధ గ్రంథం 1844లో గాని మొదలుకాలేదు. అట్కిన్స్‌తో చిన్ననాటి నుండి తోబుట్టువులా పెరిగిన యాన్ డిక్సన్ తరువాతి పనిలో, ముఖ్యంగా ఫెర్న్ మొక్కల సంపుటంలో, చేయి కలిపింది. డిక్సన్ పేరు కిట్ పుస్తకంలో లేదు.

మూడవ అధ్యాయం నెగటివ్‌ల గురించి. ఫోన్‌లో తీసిన బొమ్మను నలుపు తెలుపులోకి మార్చి, తలకిందుల ఛాయలతో పారదర్శక షీటు మీద ముద్రించుకోవాలి. ఇంట్లో ప్రింటరు లేకపోతే జిరాక్స్ షాపుకు వెళ్లి ‘ఓహెచ్‌పీ షీటు మీద ప్రింటు’ అని అడగాలి. లేజర్ ప్రింటరు నలుపు ఎండను పూర్తిగా ఆపలేదు, కాబట్టి రెండు షీట్లు ఒకదానిపై ఒకటి పెట్టి కుట్టవలసి వచ్చింది. ఈ ఉపాయం మాకు మేమే కనిపెట్టుకున్నాము. నెగటివ్ ఎంత ఉంటే అచ్చు అంతే వస్తుంది, పెంచుకోవడం కుదరదు. ఇందులో ఒక చక్కని చారిత్రక వారసత్వం ఉంది. అమెరికన్ ఛాయాచిత్రకారుడు ఎడ్వర్డ్ వెస్టన్ తన 8×10 అంగుళాల నెగటివ్‌లను ఇలాగే కాగితానికి ఆనించి అచ్చుతీసేవాడు. అమెరికా ఆదివాసుల ఛాయాచిత్రాలు తీస్తూ తిరిగిన ఎడ్వర్డ్ కర్టిస్ శిబిరంలో చూసుకునే ప్రూఫులను సయనోటైప్‌లోనే తీసుకునేవాడు. నీళ్లు, ఎండ ఉంటే చాలు కదా. 1900లో దక్షిణాఫ్రికాలో మఫెకింగ్ ముట్టడిలో చిక్కుకున్న బ్రిటిష్ సేన పోస్టేజీ స్టాంపులను, కరెన్సీ నోట్లను కూడా ఈ నీలంలోనే అచ్చేసుకుంది. ఈ మూడింటిలో పుస్తకం చెప్పినది స్టాంపుల కథ మాత్రమే.

ఇంత సులువైన పద్ధతిని కళాకారులు ఎందుకు పక్కన పెట్టారన్న ప్రశ్నకు పుస్తకంలో జవాబు లేదు. అసలు ఆ ప్రశ్నే లేదు. నా దృష్టిలో ఇది కిట్‌లోని పెద్ద లోపం. నీలం రంగే కారణం. 1889లో బ్రిటిష్ ఛాయాచిత్రకారుడు పీటర్ హెన్రీ ఎమర్సన్ ప్రకృతి దృశ్యాన్ని ఎర్రగానో సయనోటైప్‌లోనో అచ్చువేసేవాడు కళాధ్వంసకుడేనన్న ధోరణిలో రాశాడు. ఎమర్సన్ మాట అలా ఉండగా, 1870ల నుండి ఇంజనీర్లు, వాస్తుశిల్పులు ఈ కాగితాన్ని సొంతం చేసుకున్నారు. నల్లని గీతలు గీసిన ట్రేసింగ్ షీటును దీని మీద పెట్టి ఎండకు చూపితే నీలంలో తెల్లని గీతల నకలు వచ్చేది. మన పత్రికలు ఈనాటికీ ఏ ప్రభుత్వ ప్రణాళికకైనా ‘బ్లూప్రింట్’ అని రాయడం అక్కడి నుండి వచ్చినదే. మా నాన్నగారు నీటిపారుదల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరేనాటికి ఆ నీలికాగితం పోయి, ఘాటు వాసన వేసే అమ్మోనియా ప్రింట్లు వచ్చేశాయి. కాని దాని పేరు మాత్రం వారి నాలుక మీద ‘బ్లూప్రింటు’గానే ఉండిపోయింది. కళాఖండం కావలసినది కార్యాలయపు కాగితం అయిపోయాక, దానిని మళ్లీ గ్యాలరీ గోడ మీదికి తేవడానికి చాలాకాలం పట్టింది. 1950 ప్రాంతంలో అమెరికన్ చిత్రకారులు రాబర్ట్ రౌషెన్‌బర్గ్, సూజన్ వైల్ మనిషి పొడవు బ్లూప్రింట్ కాగితం పరచి, దాని మీద మనుషులను పడుకోబెట్టి, అతినీలలోహిత దీపంతో అచ్చుతీశారు. సరిగ్గా ఆ ఆఫీసు కాగితాన్నే వారు వాడుకోవడంలో ఉన్న కొంటెతనాన్ని ఈ కిట్ చెప్పగలిగి ఉంటే ఎంత బాగుండేది.

దానికి బదులు, నాలుగవ అధ్యాయంలో పది పేజీలలో ఉద్యమాల జాబితా ఉంది. పిక్టోరియలిజం (ఫొటోను చేత్తో వేసిన చిత్రంలా తీర్చే ధోరణి), 1902లో స్టీగ్లిట్జ్ నెలకొల్పిన ఫొటో-సెసెషన్ బృందం, 1932లో వెస్టన్, యాన్సెల్ ఆడమ్స్, ఇమోజెన్ కనింగ్‌హామ్ మొదలైనవారి ‘గ్రూప్ ఎఫ్/64’, ఫొటో జర్నలిస్టుల సంస్థ మాగ్నం, ఆ తరువాత జర్మనీలో బెషర్ దంపతుల శిష్యులు. ఒక్కొక్కరికి ఒక పేరా, ఒక తపాలా బిళ్లంత బొమ్మ. పోటీ పరీక్షల గైడు చదివినట్టుంది. బేసిన్ దగ్గర నిలబెట్టి నేర్పిన పుస్తకం హఠాత్తుగా మనల్ని తరగతి గదిలో కూర్చోబెట్టింది. నిజానికి ఈ ఉద్యమాలను కూడా ఇదే మందుతో చూపించవచ్చు. నేను ఒకే నెగటివ్‌ను (మా వీధి చివరి వేపచెట్టు) రెండు విధాలుగా అచ్చుతీసి చూశాను. గరుకైన చేతికాగితం మీద, కుంచె గీతలు అంచుల్లో కనిపించేలా మందు పూసి తీసినది మొదటిది. నున్నని కాగితం మీద, గాజుకడ్డీతో సమంగా పరచి, అంచులు తెల్లగా కత్తిరించి తీసినది రెండవది. మొదటిదాన్ని చూసినవారు ‘బొమ్మ బాగా వేశారు’ అన్నారు. రెండవదాన్ని చూసి ‘ఏ చెట్టు ఇది’ అని అడిగారు. ఫొటోలో చేతిపని కనిపించాలని పిక్టోరియలిస్టులు ఎందుకు పట్టుబట్టారో, కనిపించకూడదని ఎఫ్/64 వారు ఎందుకు అంతే గట్టిగా పట్టుబట్టారో ఆ రెండు కాగితాలు పక్కపక్కన పెడితే పది పేజీల కన్నా బాగా తెలుస్తుంది. కంపెనీవారు తరువాతి ముద్రణలో జాబితా తీసేసి ఈ అభ్యాసం పెట్టుకోవచ్చు, నాకు అభ్యంతరం లేదు.

అయిదవ అధ్యాయం ఫొటోగ్రామ్‌లది. ఇక్కడ పుస్తకం మళ్లీ గాడిన పడింది. కెమెరా లేకుండా వస్తువులను నేరుగా కాగితం మీద పెట్టి తీసే పద్ధతిని 1920లలో చిత్రకారులు మళ్లీ పట్టుకున్నారు. అంతకు కొంచెం ముందే జర్మన్ చిత్రకారుడు క్రిస్టియన్ షాడ్ జెనీవాలో చిత్తుకాగితాలు, గుడ్డపేలికలతో ఆ పని చేశాడు. పారిస్‌లో అమెరికన్ చిత్రకారుడు మాన్ రే 1922లో తన ‘రేయోగ్రాఫు’ల (ఇటువంటి బొమ్మలకు ఆయన పెట్టుకున్న పేరు) సంపుటం వెలువరించాడు. జర్మనీలోని బౌహౌస్ కళాశాలలో బోధించిన మొహోలి-నాగ్, ఆయన భార్య లూసియా మొహోలితో కలిసి, ఇందులో వస్తువు కన్నా వెలుతురే ముడిసరుకు అన్న ఆలోచనను పెంచి, ‘ఫొటోగ్రామ్’ అనే పేరుకు ప్రచారం తెచ్చాడు. మాన్ రే దీన్ని కనిపెట్టాడన్నట్టు పుస్తకం రాసింది. టాల్బట్ 1830లలో తీసిన ఆకుల, లేసుల బొమ్మలు, ఇదే పుస్తకంలోని అట్కిన్స్ అధ్యాయం ఆ మాటను కొట్టిపారేస్తాయి. లూసియా పేరు ఉన్నందుకు మాత్రం సంతోషించాను.

అభ్యాసానికి మేము జంతికల గొట్టం బిళ్లలు, పిండి జల్లెడ, చెక్కుడు గాజుగ్లాసు తీసుకున్నాము. గాజుగ్లాసు నీడలో లేత నీలం, ముదురు నీలం మడతలు మడతలుగా పడి, అది గ్లాసని ఎవరూ పోల్చుకోలేని బొమ్మ వచ్చింది. జల్లెడ మాత్రం నిరాశపరచింది. డిసెంబరులో పన్నెండు నిమిషాల్లో పొద్దు జరిగి, కాగితానికి ఆనని వల గీతలు అలుక్కుపోయాయి. చీకటి గదిలో దీపాన్ని తన ఇష్టం వచ్చినట్టు జరపగలిగిన మాన్ రేకు, ఎండ చెప్పినట్టు వినవలసిన మనకు తేడా అక్కడే ఉంది. సయనోటైప్‌లో నేపథ్యం నీలంగానూ, ఆయన వెండి కాగితంలో నలుపుగానూ ఉండడం వల్ల వచ్చే తేడా కూడా చిన్నది కాదు. ఆ నలుపులో వస్తువులు అంతరిక్షంలో తేలుతున్నట్టుంటాయి, మన నీలంలో నీళ్లలో మునిగినట్టుంటాయి.

చివరి అధ్యాయం ఒక పేజీ మాత్రమే, కాని మన ఇళ్లకు అన్నిటికన్నా దగ్గరిది. 1842లో హెర్షెల్ ప్రకటించిన అదే పత్రంలో పూలరసాలతో చేసిన ప్రయోగాలు కూడా ఉన్నాయి. మొక్కల రంగును ఎండ వెలిసేలా చేస్తుంది, నీడ కాపాడుతుంది. పసుపు మరక పడిన బట్టను ఎండలో ఆరేస్తే మరక పోతుందని మన ఇళ్లలో తెలియనివారు లేరు. పసుపును స్పిరిట్‌లో కలిపి కాగితానికి పూసి, ఆకు పెట్టి మూడు గంటలు ఎండలో ఉంచి, తరువాత బోరాక్స్ నీళ్లు పూయమని పుస్తకం చెప్పింది. నీడలో మిగిలిన పసుపు ఎర్రబడింది. అది చూసి, అప్పటివరకు కిట్‌ను అనుమానంగానే చూస్తున్న మా అమ్మ “ఇది పారాణే కదరా” అంది. పసుపులో సున్నం కలిపినప్పుడు వచ్చే ఎరుపు ఇదే. ఈ బొమ్మకు మాత్రం నిలుపుమందు లేదు. గోడకు పెట్టిన మూడు నెలల్లో సగం వెలిసింది. వెడ్జ్‌వుడ్ బాధ ఎలాంటిదో అనుభవంలోకి వచ్చింది.

56 పేజీలలో భారతదేశం ప్రస్తావన ఎక్కడా లేదు. సయనోటైప్‌కు మన దగ్గర పెద్ద కళాకారులు లేరనుకున్నా, పెట్టె మీద రాసినది ‘ఫొటోగ్రఫీ చరిత్ర’ అని. ఉద్యమాల కోసం కేటాయించిన పది పేజీలలో లాలా దీన్ దయాళ్‌కు ఒక పేరా దొరకలేదంటే ఒప్పుకోవడం కష్టం. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడిగా, సికింద్రాబాదులో స్టూడియో నడిపి, ‘రాజా’ బిరుదు పొందినవాడాయన. పరదా పాటించే స్త్రీల కోసం 1892లో హైదరాబాదులో, ఒక ఇంగ్లీషు మహిళ ఆధ్వర్యంలో, ప్రత్యేకంగా జనానా స్టూడియో నడిపించాడు. ఇక హెర్షెల్ కథలోనే మన దేశం ఉంది: ఆయన ముఖాన్ని 1867లో అపురూపమైన ఛాయాచిత్రంగా తీసిన జూలియా మార్గరెట్ కామెరాన్ పుట్టింది కలకత్తాలో. ఆమె తీసిన బొమ్మ పుస్తకంలో ఉంది, ఆమె పుట్టిన ఊరు లేదు.

వస్తువుల నాణ్యతకు వస్తే, కాగితం మేలైనది. సున్నం కలిపిన మామూలు డ్రాయింగ్ కాగితం ఈ మందుకు పనికిరాదు, కిట్‌లోనిది అరగంట నానినా చెదరలేదు. అద్దం అంచులు నున్నగా అరగదీసి ఉన్నాయి, పిల్లల చేతికి ఇవ్వవచ్చు. క్లిప్పులు రెండు నెలలకే పట్టు వదిలేశాయి, బట్టల క్లిప్పులు వాడుతున్నాము. కుంచె వెంట్రుకలు రాలుస్తుంది, పైగా దానికి ఇనుప పట్టీ ఉంది. మందు తగిలి అది తుప్పుపట్టి కాగితం మీద నీలి చుక్కలు పెట్టింది. పట్టీ లేని స్పాంజి కుంచె దీనికంటే చౌక, మంచిది కూడా. కలిపిన ద్రావణాలలో సిట్రేటు సీసాకు వానాకాలంలో మూడు వారాలకే పచ్చని బూజు పట్టింది. పలుచని గుడ్డలో వడకడితే మళ్లీ బాగానే పనిచేసింది. పుస్తకం దీనిని చెప్పదు కాబట్టి, చాలామంది ఆ సీసాను పారబోసి ఉంటారు.

పదేళ్లు దాటిన పిల్లలున్న ఇళ్లకు, బడిలో సైన్సు చెప్పే ఉపాధ్యాయులకు, ఫోన్‌లో వేల ఫొటోలు ఉండి ఒక్కటి కూడా చేతిలో లేనివారికి దీన్ని కొనమని చెబుతాను. చరిత్ర పుస్తకం కోసమే కొనేవారికి చెప్పను. ఆ 56 పేజీలలో నమ్మదగినవి ముప్పై. రెండు సీసాల పొడులు మాత్రమే విడిగా 600 రూపాయలకు అదే సంస్థ అమ్ముతుంది. ఇంట్లో అద్దం పలక, బట్టల క్లిప్పులు ఉన్నవారు అది తెప్పించుకుని, వాటర్‌కలర్ కాగితం స్టేషనరీ షాపులో కొనుక్కుంటే మూడోవంతుకు కొంత మించిన ఖర్చుతో సరిపోతుంది. ఈ వేసవికి నేను అదే చేశాను, నిమ్మకాయలతో సహా.